ఒక సైజు పెద్ద సిలిండర్లు

మా చెల్లెలు గ్రేస్ పెళ్లిలో పాస్టరు గారిచేత కూడా తుమ్మించిన ఘనత నాది. ఎలాగో చెబుతాను, మీరు నవ్వుకోండి. మా చెల్లి ఇంకా నవ్వడం లేదు.

ఖమ్మంలో మాది పిల్లల బట్టల దుకాణం. "ఒక సైజు పెద్దది తీసుకోండమ్మా, పిల్లాడు ఎదుగుతాడు" అనడం నాకు నడక కంటే ముందే వచ్చింది. ఆ విద్యను కారు ఇంజన్ మీద ప్రయోగించడమే నా నేరం.

బోర్లించిన గిన్నెలాంటి పాత కారు ఒకటి మా నాన్న వదిలి వెళ్లారు. ఇంజన్ వెనక ఉంటుంది. రేడియేటర్ లేదు, గాలితోనే చల్లబడాలి. "నాయిన లేడు. నాయిన కారన్న నన్ను భద్రాచలం చర్చి దాక తోల్కపోవాలె" అని గ్రేస్ పట్టుబట్టింది.

ఇంజన్ విప్పిన మెకానిక్ యాకూబ్ భాయ్ తేల్చేశాడు. "సిలిండర్లు అరిగినయ్. ఎనభై అయిదున్నర మిల్లీమీటర్లు, పాత సైజే తే. మహా అయితే ఎనభై ఏడు. ఎనభై ఎనిమిది మాత్రం వద్దు."

"ఏం? పెద్దదే గదా?"

"లోపలి బొక్క పెద్దది, బయట కొలత అదే. అంటే గోడ పల్చన. వేడికి వంకర పోతది."

నేను విన్నానా? పాత సామాన్ల సేఠు దగ్గరికి పోయి, "ఎనభై ఏడు రేటుకే ఎనభై ఎనిమిది ఇయ్యి" అన్నాను. గుండె పట్టుకుంటాడని, నేను మూడుసార్లు లేచి వెళ్లిపోవాల్సి వస్తుందని సిద్ధపడ్డాను.

"తీస్కపో. నువ్వు గాబట్టి ఇస్తున్న" అన్నాడు వెంటనే, డబ్బా మీది దుమ్ము తుడుస్తూ. ఆ దుమ్ము వయసెంతో దుకాణంలో పెరిగినవాడికి తెలియొద్దూ! నేను మాత్రం యుద్ధం గెలిచినట్టు వచ్చాను.

"ఇంజన్ ఏమన్న ఎదుగుతదా అన్నా?" అన్నాడు యాకూబ్ భాయ్.

"బిగించు భాయ్!"

పెళ్లిరోజు కొత్తగూడెం దాకా నా గొప్పలు, కారు పోటీపడి పరిగెత్తాయి. పాల్వంచ దాటాక అడవిలో, వెనక ఎవరో పల్లీలు వేయిస్తున్నట్టు చప్పుడు. తరువాత పొగ. తరువాత నిశ్శబ్దం.

"ఏందన్నా గిది?"

"జర చల్లారితే నడుస్తది తల్లీ."

"పెండ్లి పదకొండుకు. గది చల్లారాల్నా, నేను చల్లారాల్నా?"

ఫోన్ చేస్తే యాకూబ్ భాయ్, "గోడలు వంకర పోయినయ్. ఇగ నేను దువా చేస్త, నువ్వు వేరే బండి ఏదన్న ఆపు" అన్నాడు.

ఆగింది ఒకటే: ఖమ్మం మార్కెట్‌లో మిర్చి దింపి తిరిగొస్తున్న ట్రాలీ ఆటో. తెల్ల గౌను మాసిపోతుందని డ్రైవరు ఎంతో మర్యాదగా సీటు మీద ఖాళీ మిర్చి గోనెసంచి పరిచాడు.

వేళకే చేరాం. పాస్టరు గారు అడిగారు: "ఇతణ్ణి భర్తగా స్వీకరిస్తావా?"

"హాచ్!"

"అవ్ అన్నదా, కాదన్నదా?" అంది పెళ్లికొడుకు తల్లి. జవాబు చెప్పబోయిన పాస్టరు గారూ తుమ్మారు. ఆపైన చర్చంతా.

వంకరపోయిన ఒక సిలిండర్ ఇప్పుడు మా గల్లాపెట్టె పక్కన పెన్నులు మోస్తోంది. దాని మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: "నువ్వు గాబట్టి ఇస్తున్న" అన్నవాడి దగ్గర ఈ జన్మలో గుండుసూది కూడా కొనను. అమ్మేటప్పుడు ఆ మాట వాడనని మాత్రం అనలేదు.

ఈ రహస్యం ఎవరికీ చెప్పను. మీరు కాబట్టి చెబుతున్నాను.