తునికాకు మూటలో చరిత్ర

బాన్సువాడకు పోవాలంటే సికింద్రాబాదులో పొద్దున ఏడింటి బండి ఎక్కాలి. యుద్ధం రోజులు కనుక అది ఎనిమిదింపావుకు కదిలింది. నేను ఒక ప్రైవేటు బడిలో చరిత్ర పాఠాలు చెప్పేవాణ్ణి. బాన్సువాడలో దర్జీ పని చేసే నా చిన్ననాటి స్నేహితుడు మల్లయ్య, దుకాణం వెనక గదిలో పదిమందిని కూర్చోబెడతాననీ, చరిత్రను నడిపించేది ఏమిటో వచ్చి చెప్పమనీ కబురు పెట్టాడు. అనుమతి లేకుండా పదిమంది కూడితే పోలీసులు పట్టుకుపోయే కాలం అది. అయినా ఒప్పుకున్నాను. ధైర్యంతో కాదు, నన్ను పిలిచారు కదా అని పొంగిపోయి.

సంచిలో ఒక జత బట్టలు, జొన్నరొట్టెలు, ఒక నోటుబుక్కు. ఐరోపా తత్వవేత్తల మాటలను నెలరోజులు కూర్చుని నాకు తెలిసిన తెలుగులో అందులో రాసుకున్నాను. మనుషుల ఆలోచనలే చరిత్రను ముందుకు నెడతాయని ఒకరు. కాదు, పొలం ఎవరిది, పంట ఎవరి గాదెకు పోతుంది అన్నదే నడిపిస్తుందని మరొకరు. సమాజం కూడా మనిషిలాగే పుట్టి, పెరిగి, ముసలిదై పోతుందని ఇంకొకరు. అంతవరకు బాగానే ఉంది. చివరి పేజీలో మాత్రం, వినడానికి వచ్చే పదిమంది పేర్లూ ఊళ్ళతో సహా వరుసగా రాసిపెట్టాను. బడిపంతులు అలవాటు. హాజరు పట్టీ లేనిదే నాకు పాఠం మొదలుకాదు.

నిజామాబాదులో దిగేసరికి ఒంటిగంటన్నర. రొట్టె తిని రెండున్నర బస్సు ఎక్కాను. టిక్కెట్టు పన్నెండణాలు. పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సు, కొలిమి వెనక ఉంటుంది. వెళ్ళేవాళ్ళు ముందు బెంచీల్లో కూర్చోవడం మంచిది. నాకు వెనకే దొరికింది. పక్కన ఎల్లవ్వ అనే బీడీలు చుట్టే ముసలామె, కాళ్ళ దగ్గర గోనెపట్టాలో చుట్టిన తునికాకు మూట.

బస్సు కదిలాక డ్రైవరు ఎవరితోనో అన్నాడు. "వర్ని దాటినంక నాకా కాడ సంచులన్ని ఇప్పి చూస్తున్నరు. పట్నం నుంచి వచ్చెటోళ్ళనైతె దించి అడుగుతున్నరు."

నోటుబుక్కులోని పది పేర్లు గుర్తొచ్చాయి. ఆ పేజీ చించి పారేద్దామంటే మా ముందు బెంచీలో కోటు తొడుక్కున్న మనిషి మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తున్నాడు. సంచిని రెండు చేతులతో పొట్టకు హత్తుకున్నాను.

"గట్ల పట్టుకుంటె లేని అనుమానం వస్తది బిడ్డా," అంది ఎల్లవ్వ మెల్లగా. "గా సంచిల ఏమున్నదో నాకొద్దు. ఇటియ్యి."

కోటు మనిషి కునికినప్పుడు నోటుబుక్కు ఆమె చేతికిచ్చాను. ఆకుల కింద దోపేసింది.

వర్నిలో కొలిమికి బొగ్గు వెయ్యడానికి బస్సు ఆగింది. ఎల్లవ్వ దిగి బావిగట్టు నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చి, మూట విప్పి ఆకు మీద గుమ్మరించింది. నేను చూస్తూనే ఉన్నాను. వద్దని అరవాలి. కోటు మనిషి మేలుకున్నాడు. నెలరోజుల నా కష్టం కళ్ళముందే నానుతుంటే, బొగ్గు వేసేవాణ్ణి చూస్తున్నట్టు మొహం పక్కకు తిప్పుకున్నాను.

నాలుగింటికి నాకా వచ్చింది, దారికి అడ్డంగా పోలీసుల తనిఖీ చౌకీ. జవాను నా సంచి బోర్లించాడు. ఎక్కడికన్నాడు. స్నేహితుని ఇంటికన్నాను. తర్వాత కర్రతో ఆకు మూట కదిపి, నోటుబుక్కు బయటికి లాగాడు. నేరుగా చివరి పేజీ తిప్పాడు. నా మోకాళ్ళు ఒకదానికొకటి కొట్టుకున్నాయి.

"ఏంది ఇది?"

"పనికిరాని రద్దీ కాయితం సార్," అంది ఎల్లవ్వ. "ఆకుకు తడి ఆగాలని అడుగున ఏసిన."

అతను తడిసిన వేళ్ళు లాగుకు తుడుచుకుని, దాన్ని మళ్ళీ ఆకుల మీద పడేశాడు.

అయిదున్నరకు బాన్సువాడలో దిగి చూస్తే పుస్తకం నిండా నీలం మరక. చివరి పేజీలో ఒక్క పేరు మిగల్లేదు. కావాలనే తడిపావా అవ్వా అని అడిగాను. "ఎండితె ఆకు పగులుతది గద. వర్నిల ఎప్పుడు తడుపుతనే ఉంట," అంది. నా పుస్తకంలోని ముగ్గురు తత్వవేత్తల్లో ఏ ఒక్కరూ ఈ చెంబెడు నీళ్ళకు చోటు పెట్టలేదు.

రాత్రి మల్లయ్య ఇంట్లో పడుకున్నాను. మరునాడు పొద్దున గుర్తున్నంత చెప్పాను. పదిమందీ వచ్చారు. నేను దేనికి వణికానో చూద్దామని, బస్సు దిగినప్పుడు నేను చెప్పిన గుర్తులతో ఎల్లవ్వ కూడా వచ్చి, గడప దగ్గర ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ విన్నది. రాజ్యాలు ఎలా మారక తప్పదో నేను ఊపుగా చెబుతుంటే తలెత్తింది.

"చరిత్ర ఎటు పోతదో నీకు ఎరుకనే గద బిడ్డా. మరి నాకా కాడ గంత ఎందుకు వణికినవ్?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, ఆపిన చోట నుంచి పాఠం అందుకున్నాను.

ఆ మరునాడు తొమ్మిదింటి బస్సుకు తిరుగు ప్రయాణం. మల్లయ్య భార్య కట్టిచ్చిన రొట్టెలు తప్ప సంచిలో ఏమీ లేవు. నాకా దగ్గర అదే జవాను సంచి విప్పి చూసి, వదిలేశాడు. మోకాళ్ళు మళ్ళీ అలాగే కొట్టుకున్నాయి. బస్సు కదిలాక ఎందుకో అర్థమైంది. నెలరోజులు రాసిన సిద్ధాంతాల్లో సగం అప్పుడే మరిచిపోయాను. పది పేర్లు మాత్రం, ఊళ్ళతో సహా, వరుస తప్పకుండా నాకు కంఠతా వచ్చు. కొట్టి అడిగితే చెప్పకుండా ఉంటానో లేదో నాకు తెలియదు.