గాళెప్ప సాక్ష్యం చెప్పిన వాన

గాళెప్పకు కంటి ఆపరేషన్ అయింది, అందుకే చెల్లెలు కనబడింది అని మా ఊరు కుడతినిలో కొందరు నవ్వుకుంటున్నారు. అదేం కాదండీ. ఆయన కళ్ళకు ఏ రోగమూ లేదు. సూదిలో దారం ఇప్పటికీ తానే ఎక్కిస్తాడు. జరిగింది వేరే.

గాళెప్ప వెల్డింగ్ పనివాడు, మా చర్చిలో పెద్ద. ఈస్టర్‌కు ముందు నలభై రోజులూ మాంసం ముట్టడు, టీ కూడా తాగడు. పదకొండేళ్ళ కింద చెల్లెలు ఉచ్చెంగమ్మ తనకు నచ్చిన సోమప్పను పెళ్ళాడి అతని ఊరు హగరి వెళ్ళిపోయింది. ఆ ఏడాదే తల్లి పోయింది. "అమ్మ సమాధి కాడ గూడా నీ అడుగు పడగూడదు," అనేశాడు గాళెప్ప.

ఈస్టర్ తెల్లవారుజామున మేమంతా సమాధుల దగ్గరే ప్రార్థన చేస్తాం. అందుకని ముందు రోజు ఎవరివాళ్ళ సమాధులు వాళ్ళు కడిగి సున్నం వేస్తారు. ఇనుప ఖనిజం లారీల ఎర్రదుమ్ము మందంగా పేరుకుని ఉంటుంది మరి! గాళెప్ప వెళ్ళేసరికి మాత్రం తల్లి సమాధి తళతళలాడుతుండేది. "నా ఉపవాసం చూసి దేవుడు వాన పంపినాడు," అని ఆయన ఏటా చర్చిలో అందరి ముందూ లేచి సాక్ష్యం చెప్పేవాడు. బళ్ళారి ఎండల్లో, ఒక్క సమాధి మీదే కురిసే వాన! గుడ్ ఫ్రైడే ఆరాధనలో మేం మూడు గంటలు కూర్చున్నప్పుడు ఉచ్చెంగమ్మ వచ్చి కడిగిపోతుందని అందరికీ తెలుసు. ఆయనకు చెప్పే ధైర్యమే ఎవరికీ లేదు.

ఈసారి ఆరాధన మధ్యలో గాళెప్పకు తలనొప్పి పట్టుకుంది. మెల్లగా జారుకుని టీ కొట్టుకు పోయాడు. తిరిగొస్తుంటే సమాధుల దగ్గర బిందెతో చెల్లెలు కనబడింది. తర్వాతి మాటలు ఉచ్చెంగమ్మే నాకు చెప్పింది.

"ఏందే, ఈడేం చేస్తాండావు?"

"వాన పడతాండాది అన్నా. కనపడల్యా?"

"ఏటేటా నువ్వేనా?"

"ఇంకెవురు? ఉపవాసమంటివి, టీ వాసన గుప్పుమంటాండాది!"

గాళెప్ప బిందె అందుకుని మిగిలిన నీళ్ళు తానే సమాధి మీద పోశాడు. తర్వాత చెల్లెలి చెయ్యి పట్టుకుని చర్చిలోకి వచ్చాడు.

"ఇన్నేండ్లూ నేను చెప్పిన సాక్ష్యం అబద్ధం. వానా లేదు, ఏమీ లేదు. దేవుని కోసం పస్తుంటి గానీ తోడబుట్టినదాన్ని చూడకపోతి. యేసయ్య ఈ పొద్దు నా కండ్లు తెరిపించినాడు," అని ఏడ్చేశాడు.

"టీ కొట్టు దోవన తెరిపించినాడప్పా!" అంది వెనక వరుసలోంచి, ఆయన టీ కొట్టుకు జారుకోవడం చూసిన హంపమ్మ. పాస్టర్ గారు కూడా నవ్వాపుకోలేకపోయారు.

ఈస్టర్ పొద్దున తల్లి సమాధి దగ్గర మొదటి కొవ్వొత్తి చెల్లెలి చేతికే ఇచ్చాడు.

అయితే ఒకటి మిగిలిపోయింది. హగరి వచ్చి భోంచేస్తానని చెల్లెలికి మాటిచ్చి మూడు వారాలైంది, ఇంకా పోలేదు. సోమప్ప ముఖం చూడటానికి సిగ్గు. నేనడిగితే వెల్డింగ్ అద్దం ముఖానికి అడ్డం పెట్టుకుంటున్నాడు. మీరు ఇటువైపు వస్తే ఒకసారి ఆయన షాపు దగ్గర ఆగి, హగరి పోయొచ్చాడో లేదో కనుక్కోండి.