నాన్న రాసిచ్చిన జవాబులు

హౌరాలో షాలిమార్ స్టేషను దగ్గరి మా రెండు గదుల ఇంట్లో సరిగ్గా మూసుకునేది వంటింటి తలుపు ఒక్కటే. అందుకని దాన్నే ఇంటర్వ్యూ గది తలుపుగా ఖాయం చేశాడు నాన్న. నేను బయట నిలబడి తట్టాలి, లోపలికి రావచ్చా సార్ అని అడగాలి, కూర్చోమనేదాకా కూర్చోకూడదు. పక్కన అమ్మ చేప ముక్కలకు పసుపు రాస్తూ ఉండేది. నాకున్న ఉద్యోగం పోయి అప్పటికి ఏడు నెలలు. మూడు ఇంటర్వ్యూలు చేజారాయి. నాలుగోదీ పోతే సాఫ్ట్‌వేర్ మాట మరిచిపోయి పక్క సందులో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకోవాలని నాకు నేనే గడువు పెట్టుకున్నాను.

నాన్న రైలు బోగీలు బాగుచేసే కార్ఖానాలో ఫిట్టరుగా రిటైరయ్యాడు. తనకు తెలిసిన ఇంటర్వ్యూలన్నీ ప్రమోషన్ కోసం సాహెబుల ముందు నిలబడినవే. ఆ అనుభవంతో నాకో నోటుబుక్కు నిండా జవాబులు రాశాడు. "మీ గురించి చెప్పండి" అన్నదానికి రాసిన జవాబులో మా తాత శ్రీకాకుళం నుంచి హౌరా వచ్చిన వైనమే ఒక పేజీ. నేను పుట్టేసరికి రెండో పేజీ అయిపోయింది. రెండో ఇంటర్వ్యూలో కంగారుపడి అదే మొదలుపెట్టాను. ఇందులోకి మీరెప్పుడొస్తారండీ అని అడిగాడు అవతలి మనిషి.

నా ఒళ్లు మండేది మాత్రం ఏడో ప్రశ్న దగ్గర. మీలో ఉన్న లోపమేమిటి? నాలో ఏ లోపమూ లేదు సార్, అని నాన్న జవాబు. అలా అంటే పొగరనుకుంటారు, చిన్న లోపమేదో ఒప్పుకుని దాన్నెలా దిద్దుకుంటున్నామో చెప్పాలి అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. వింటేగా. కార్ఖానాలో ఏ పొరపాటు జరిగినా సంజాయిషీ అడుగుతూ కాగితం వస్తుందట. దానికి పాతవాళ్లు కొత్తవాళ్లకు నేర్పే జవాబు ఒకటేనట: నా దృష్టికి రాలేదు.

"నోటితో తప్పు ఒప్పుకోకే. ఒప్పుకుంటే సర్వీసు పుస్తకంలో రాసీస్తారు," అన్నాడు.

"ఇది రైల్వే కాదు నాన్నా," అని నోటుబుక్కు నేలమీదికి విసిరేశాను. నాన్న చొక్కా వేసుకుని టీకి వెళ్లిపోయాడు.

అప్పుడు చెప్పింది అమ్మ. ఒకసారి నాన్న ఒక బోగీకి బ్రేకు దగ్గర పిన్ను వెయ్యడం మరిచిపోయి, అంతా బాగుందని సంతకం పెట్టేశాడట. బోగీ కార్ఖానా దాటాక గుర్తొచ్చి, పరుగున వెళ్లి సాహెబుతో చెప్పాడట. బోగీని యార్డులోనే ఆపి పిన్ను వేశారు. ఎవరికీ ఏమీ కాలేదు.

"ఎవులూ అడక్కుండానే ఎల్లి సెప్పీసినాడు మీ నాన్న. ప్రమోషను మూడేళ్లు ఆపీసారు," అంది అమ్మ.

నేను నోటుబుక్కు తీసి మడతపడ్డ పేజీలు సరిచేశాను. ఏడో జవాబు అప్పటికీ తప్పే. అందుకు నాకు ఇంకా చిరాకేసింది.

నాలుగో ఇంటర్వ్యూ లాప్‌టాప్‌లోనే జరిగింది. వంటింటి తలుపు అవతల నాన్న స్టూలు మీద కూర్చుని దగ్గు ఆపుకుంటున్నాడు. ఏడో ప్రశ్న రానే వచ్చింది. బట్టీపట్టిన చిన్న లోపం నాలుక మీదికి రాలేదు. పాత కంపెనీలో నేనొక ప్రోగ్రామును సరిగ్గా పరీక్షించకుండా పంపేశానని, ఎవరూ కనిపెట్టకముందే వెళ్లి మేనేజరుకు నేనే చెప్పానని, నెల తిరక్కుండా తీసేసినవాళ్లలో నేనూ ఉన్నానని చెప్పాను. ఆ సంగతి అప్పటిదాకా ఇంట్లో కూడా చెప్పలేదు. మళ్లీ అలా జరిగినా చెప్తాను అన్నాను. అవతల స్టూలు కిర్రుమంది.

బయటికొచ్చేసరికి నాన్న తల పట్టుకుని కూర్చున్నాడు. ఐదో రోజు ఉద్యోగం ఇస్తున్నట్టు మెయిలొచ్చింది. ప్రింటు తీయించి చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో వరుస మీదా వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. కాగితం తిప్పి వెనక వైపు కూడా చూశాడు.

"నీ తప్పు ఇందులో ఎక్కడా రాయలేదేటే?" అన్నాడు.