తొమ్మిది పాయింట్ల ఖాళీ

బాస్కెట్‌బాల్ గురించి నాకు తెలిసిందల్లా ఒకటే. అడుగు లేని బుట్టలో బంతి పడితే అందరూ అరుస్తారు. అయినా షార్జా ఇండస్ట్రియల్ ఏరియా జట్టుకు నన్నే మేనేజర్ని చేశారు. తలుపులూ గేట్లూ తయారుచేసే వర్క్‌షాప్‌లో నేను స్టోర్‌కీపర్ని. కరోనా ఆంక్షలు ఎత్తేశాక ఫిలిప్పీన్స్ వాళ్ళు, అదే, ఇక్కడ అందరూ కబాయన్ అని పిలిచేవాళ్ళు, పనివాళ్ళ కోసం ఒక లీగ్ పెట్టారు. ఆడమంటే పొద్దుగుంకేదాకా ఆడతారు గానీ, కాగితం ముందు కూర్చోమంటే ఒక్కడూ దొరకడు. అందుకని నా మెడకు చుట్టారు.

కాగితం పని చాలానే ఉండేది మరి. ఒక్కో ఆటగాడికి కమిటీ ఒకటి నుంచి పది దాకా పాయింట్లు ఇస్తుంది. జట్టు మొత్తం కలిపి నలభై దాటకూడదు. మంచివాళ్ళందరినీ ఒకే జట్టు ఎగరేసుకుపోకుండా ఈ కట్టుబాటు. ఎవరినైనా తీసుకున్నామంటే రెండు సీజన్లు వాళ్ళ పాయింట్లు మన నెత్తినే. మధ్యలో దించుకోవాలంటే ఇంకో జట్టుతో మార్పిడి చేసుకోవాలి. స్టోర్‌లో మేకులూ బోల్టులూ లెక్కపెట్టడం కంటే ఇదే నాకు బాగా నచ్చిందని ఒప్పుకుంటాను.

మా జట్టులో పొడుగాయన మా వర్క్‌షాప్ పెయింటరే. నెల్లూరు మనిషి, నా రూమ్మేట్, నాకంటే పదేళ్ళు పెద్ద. అందరం భాయ్ అనేవాళ్ళం. ఊళ్ళో వాలీబాల్ ఆడిన చేతులు, బుట్ట కింద నిలబడితే బంతి ఇంకెవరికీ అందేది కాదు. కమిటీ తొమ్మిది పాయింట్లు వేసింది. జట్టులోకి తీసుకున్న రోజు ఆయన నన్ను ఒక్కటే అడిగాడు.

"ఆడినన్నాళ్ళు మనోళ్ళతోనే ఆడతా నైనా. మోకాలు పోతే బెంచీ మీద కూచోబెట్టు, ఏమనుకోను. వేరే జట్టుకు మాత్రం పంపబాక."

సరే భాయ్ అన్నాను. అప్పుడు ఆ మాటకు నాకేమీ ఖర్చు లేదు.

ఆ సీజన్ సగంలో ఆయన మోకాలికి బెల్టు వచ్చింది. అదే సమయంలో ఖోర్ ఫక్కాన్ జట్టులో ఒక కబాయన్ దూరం నుంచి బంతులు వేస్తూ అందరి నోళ్ళూ మూయిస్తున్నాడు. వాడి గడువు సీజన్ చివరికి తీరుతుంది. వాడూ తొమ్మిదే. నేను కాగితం తీసి వచ్చే సీజన్ లెక్క వేస్తే నా చేతిలో మిగిలేది రెండు పాయింట్లు. సరిగ్గా ఆ వారమే సజ్జా జట్టు మేనేజర్ ఫోన్ చేశాడు. ఈజిప్టు మనిషి, అక్కడో ఫ్యాక్టరీలో ముదీర్, అంటే పెద్ద మేనేజర్, అందరూ అలాగే పిలిచేవాళ్ళు. వాళ్ళ జట్టంతా పొట్టివాళ్ళే. భాయ్‌ని ఇస్తే ఐదు పాయింట్ల వాడినొకణ్ణి, నాలుగు పాయింట్ల వాడినొకణ్ణి ఇస్తానన్నాడు. ఆ ఇద్దరి గడువూ ఈ సీజన్‌తో సరి. అంటే వచ్చే సీజన్‌కి నా దగ్గర రెండు కాదు, పదకొండు.

పది రోజులు కూడికలు, తీసివేతలు. ఎలా వేసినా కాగితం మార్పిడి చేసుకోమనే చెప్పింది. భాయ్ పక్క మంచం మీద గురక పెడుతుంటే నా మనసు వద్దంది. చివరికి మనసే నెగ్గింది. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ ముదీర్‌కి ఫోన్ చేసి, మా ఇద్దరికీ ఉన్న అరకొర హిందీలో చెప్పేశాను.

"ముదీర్, ఏ బాత్ ఖలాస్."

"ఖలాస్? మబ్రూక్, మబ్రూక్," అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

కాదన్నవాడికి కూడా శుభాకాంక్షలు చెప్పే మర్యాద ఎవరికుంటుందని మురిసిపోయాను. పది నిమిషాల్లో లీగ్ వాట్సాప్ గ్రూపులో మార్పిడి ప్రకటన వచ్చింది, భాయ్ పేరుతో సహా. మా కడపలో ఖలాస్ అంటే అయిపోయింది, ఇక ఆ ఊసెత్తకు అని. ఆయనకు ఖలాస్ అంటే కుదిరింది, ఇక తిరుగులేదు అని. గల్ఫ్‌కి వచ్చి ఎనిమిదేళ్ళయినా ఆ తేడా నాకు తట్టలేదు.

ఇక్కడిదాకా తప్పు మాటదే. కానీ లీగ్‌లో ఒక నియమం ఉంది. ప్రకటన వచ్చిన మర్నాడు సాయంత్రం ఆరింటిలోపు ఏ మేనేజరైనా గ్రూపులో "పొరపాటు" అని రాస్తే చాలు, మార్పిడి రద్దు. నేను రాశాను. చెరిపాను. మళ్ళీ రాశాను. కాగితం మీద పదకొండు అంకె కనిపించింది, మళ్ళీ చెరిపాను. ఆరింటికి కమిటీ కార్యదర్శి పచ్చ టిక్కు పెట్టాడు. ఆ తర్వాత నేను పడిన ఆవేదన చూడాలి. మెస్సులో అందరికీ ఖలాస్ కథ చెప్పి, ముదీర్‌ని తిట్టి, తల బాదుకున్నాను. అందరూ కడుపుబ్బ నవ్వారు. భాయ్ కూడా నవ్వి, పనీ గదీ మాతోనే అయినా, వచ్చే సెలవు రోజు ఆట బ్యాగు భుజాన వేసుకుని సజ్జా బస్సెక్కాడు.

ఖోర్ ఫక్కాన్ వాడు మరుసటి సీజన్‌కి మా జట్టులోకి వచ్చాడు. బాగానే ఆడాడు, అబద్ధమెందుకు. ఫైనల్ దాకా వెళ్ళాం. ఆ గెలుపుల్లో ఒక్కటీ నాకు వంటబట్టలేదు. సీజన్ అయ్యాక ఒక సెలవు రోజు భాయ్ మా రూమ్ వంటగదిలో చేపలు కడుగుతుంటే పక్కన నిలబడి చెప్పేశాను. ముదీర్ నా మాటను తప్పుగా అర్థం చేసుకున్నది నిజమేగానీ, దిద్దుకోవడానికి మర్నాడు సాయంత్రం దాకా సమయం ఉండిందనీ, కావాలనే దిద్దలేదనీ.

ఆయన తల ఎత్తలేదు.

"తెలుసులే నైనా. ఆ గ్రూపులో నేనూ ఉండా గదా. నువ్వు రాస్తావేమోనని ఆరింటిదాకా ఒక చేత్తో ఫోన్ పట్టుకోని, ఇంకో చేత్తో రంగు కొట్టినా. ఆ పొద్దు ఒక తలుపు కూడా చెడగొట్టినా."

ఆ తలుపు నాకు గుర్తుంది. మర్నాడు అది స్టోర్‌కి తిరిగొస్తే, "పెయింటర్ అజాగ్రత్త" అని రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టింది నేనే.