అడ్డాకు విస్తరిలో నా కుట్టు

మొన్నొక పెళ్లిలో ఆకు బొమ్మ అచ్చేసిన ప్లాస్టిక్ కంచంలో భోజనం పెట్టారు. ఆకు ముఖం చూసి ఎన్నాళ్లయిందోనని కాబోలు, బొమ్మైనా చూపించారు. అసలు ఆకు ఎక్కడికి పోయిందో చూద్దామని బయల్దేరాను. మోకాళ్లు వద్దన్నాయి, వాటి మాట నేనెప్పుడు విన్నాను?

పలాసలో ఉదయం ఆరున్నరకు రైలు దిగి, రోజంతటికీ పన్నెండు వందలకు అప్పలరాజు ఆటో మాట్లాడుకున్నాను. మందస దాటి, కొండ కింద సవర గిరిజనుల పల్లెకు గంట ప్రయాణం. అక్కడ విస్తళ్లు కుట్టే మంగమ్మ సరుకును జీడితోటల ఉద్దానానికి చేరవేసేది అప్పలరాజే. ఆమె వెంట నేనూ అడవిలోకి నడిచాను. చెట్లకు అల్లుకున్న అడ్డతీగ నుంచి ముదురాకులే కోస్తోంది. లేతాకు ముచ్చటగా ఉందని నేనొకటి అందుకోబోతే చెయ్యి పట్టుకుంది.

"సిగురు ముట్టకు మామ్మగోరూ. తీగ సచ్చిపోతే వచ్చే ఏడు నానేటి కొయ్యాల, నీ కొంగా?"

ఇంటికొచ్చి, ముందే ఆరబెట్టిన ఆకులకు నీళ్లు చల్లి, వెదురు పుల్లలతో కుట్టడం మొదలుపెట్టింది. ఆ రోజు ఆమెకు పరీక్ష. ఎప్పుడూ ఆమె దగ్గరే కొనే ఉద్దానం వంటాయన వెంట ఇప్పుడు కాగితం ప్లేట్లవాడు పడ్డాడట. ఈ మధ్యాహ్నం ఆమె కట్టలోంచి ఒక విస్తరి తీసి వేడి చారు పోస్తాడు. కారిందా, ఈ పెళ్లిళ్ల కాలమంతా కాగితమే.

నేనూ ఒకటి కుట్టాను. ఎమ్మే చదివిన చేతులు కదా! మంగమ్మ దాన్ని వెలుగుకెత్తి చూసింది.

"ఇందులోంచి పట్టపగలే సుక్కలు అవుపడతన్నాయి. పక్కనెట్టు."

పెట్టాను. ఆమె నీళ్లకు లేవగానే తీసి కట్ట మధ్యలో దూర్చాను. గర్వానికి వయసుతో పనేముంది?

పదకొండుకు మంగమ్మతో, ఆమె కట్టతో ఆటోలో బయల్దేరి, పలాస మీదుగా ఉద్దానం చేరేసరికి పన్నెండున్నర. జీడితోటలో గాడిపొయ్యి మీద చారు మరుగుతోంది. వంటాయన కట్ట విప్పి, పేకముక్క లాగినట్టు మధ్యలోంచి ఒక విస్తరి లాగాడు. చారు పోశాడు. అది తిన్నగా ఆయన పాదం మీదికి దిగింది.

"ఏటిది మంగమ్మా? పెళ్లోరు నా తోలు తీసెత్తారు!"

ఆమె విస్తరిని చూసింది, నన్ను చూసింది.

"అది నేను కుట్టింది," అన్నాను. "ఆమె వద్దంది. నేనే దొంగతనంగా దూర్చాను."

ఆయన నా కళ్లజోడు కేసి చూశాడు. "సదువుకున్నోరిలాగున్నారు?"

"అందుకే."

ఇంకొకటి లాగి ఈసారి రెండు గరిటెలు పోశాడు. కింద చెయ్యి పెట్టి తడిమాడు. పొడి.

"సర్లే. ఈ కాలమంతా నువ్వే ఎయ్యి."

మంగమ్మ అప్పుడు నోరు విప్పింది. "మామ్మగోరికి మాత్రం కాయితం పళ్లెంలో ఎట్టు మావా."

ఆకు ఎక్కడికీ పోలేదు. కొండ మీద మళ్లీ మళ్లీ చిగురిస్తూనే ఉంది. దాని బతుకూ, దాన్ని కుట్టే మనిషి బతుకూ ఒక గరిటెడు చారు మీద ఆధారపడ్డాయని మాత్రం నాకు తెలీదు. నేను సరదాకి చేసింది మరొకరి కూటికి ఎసరు పెట్టబోయింది.

వెళ్లేవాళ్లకు ఒకటే మాట: కుట్టాలనిపిస్తే కుట్టండి, మీ విస్తరి మీ సంచిలోనే పెట్టుకోండి. నాది ఇంటికి తెచ్చుకున్నాను. వడియాలు ఎండబెట్టడానికి భేషుగ్గా ఉంది.