మీ పిల్లనైతే వేస్తారా?

బడిలో చేరిన రోజున మెడలో ఐడీ కార్డు వేశారు, చేతిలోంచి సర్టిఫికెట్లు తీసుకున్నారు. టెన్త్ దగ్గర్నించి బీఈడీ దాకా అన్నీ ఒరిజినల్సే. "భద్రంగా ఉంటాయి మేడమ్" అన్నారు కరస్పాండెంట్ గారు. ప్రైవేటు బడి నడిపే ఆయన్ని మా వైపు అలాగే పిలుస్తాం. భద్రంగానే ఉన్నాయి, ఆయన గదిలోని ఇనప బీరువాలో, మిగతా టీచర్ల కాగితాలతో కలిసి. ఏడాది మధ్యలో మేం మానేసి పోతామని ఆయన భయం. ఇదేం పద్ధతని మేమెవరం అడగలేదు.

మా నాన్న చీరాల చీరలు మూటగట్టుకుని ఊరూరా తిరిగి అమ్మినవాడు. టీచరునైతే నాకా తిరుగుడు తప్పుతుందని చదివించాడు. పాపం, ఆయనకి అడ్మిషన్ల సంగతి తెలియదు. ఎండాకాలం మొదలైందంటే మేం పాఠాలు పక్కన పెట్టి కరపత్రాలు పట్టుకుంటాం. పొద్దున్నే బడి వ్యాను పర్చూరు చుట్టుపక్కల ఊళ్ళలో దింపిపోతుంది. ఇంటింటికీ వెళ్ళాలి. మజ్జిగిస్తే తాగాలి, తలుపేస్తే పక్కింటికి పోవాలి. ఒక్కొక్కరు ఇంతమంది పిల్లల్ని తేవాలని లెక్క. దాన్ని టార్గెట్ అంటారు.

నిరుడు వేసవికి ముందు ఒంగోలులో వేరే బడిలో తెలుగు టీచరుగా అవకాశం వచ్చింది. జీతం కాస్త ఎక్కువ, పైగా ఈ తిరుగుడు లేదు. జూన్‌లో చేరాలి. చేరేటప్పుడు ఒరిజినల్స్ చూపించాలి. కరస్పాండెంట్ గారిని అడిగాను. ఆయన కాదనలేదు, ఆయన ఎవరినీ ఎప్పుడూ కాదనరు. "టార్గెట్ పూర్తి చేసి సంతోషంగా వెళ్ళండి మేడమ్" అన్నారు. ఏప్రిల్ చివరికి నాకు ఒక్క పిల్ల తక్కువైంది.

ఆ ఒక్క పిల్ల కోసం వెతుక్కుంటూ ఒక ఊరి బయట మిరపకాయల కళ్ళంలోకి వెళ్ళాను. టార్పాలిన్ పట్టాల మీద కాయలు ఆరబోసి ఉన్నాయి. ఘాటుకి కళ్ళు మండి, ముక్కు కారిపోతోంది. ఒకావిడ కూర్చుని తాలుకాయలు, అంటే రంగు వెలిసి తెల్లబడినవి, ఏరి పక్కన వేస్తోంది. పక్కనే కూతురు. గవర్నమెంటు బడిలో అయిదో తరగతి అయిపోయిందట. నేను టీచరునని తెలియగానే ఆ పిల్ల ఒక తాలుకాయ తెచ్చి నా ముందు పెట్టింది.

"టీచర్, ఒకే చెట్టుకి కాసినా ఇదొక్కటే తెల్లగా ఎందుకైపోయింది?"

"నాకు తెలీదమ్మా" అన్నాను.

"దీనికి నోరాగదండీ. ఆళ్ళ సార్ని కూడా ఇట్టాగే చంపుద్ది" అంది తల్లి, మురిసిపోతూ.

నేను నా పాఠం మొదలుపెట్టాను. ఇంగ్లీషు మీడియం, డిజిటల్ క్లాసులు, ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. ఆవిడ చెయ్యి ఆపకుండా అంతా విని, చివర్న తలెత్తింది.

"అయ్యన్నీ సరేనమ్మా. నాదొకటే మాట. మీ పిల్లనైతే ఆ బళ్ళో వేస్తారా?"

దీనికి మాకు నేర్పిన జవాబుంది. మా పిల్లలంతా ఇక్కడే చదువుతున్నారని చెప్పాలి. ఆ వేసవిలో ఎన్నో గుమ్మాల ముందు ఆ మాట అప్పజెప్పాను, నాకేం బాధ కలగలేదు. ఆ పూట మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఎండ ఒకటి, ఘాటు ఒకటి, చదువుకుని సంపాదించుకున్న నా కాగితాలు ఈ పిల్ల జడకి ముడిపడి ఉండటం ఒకటి.

"వెయ్యనండీ" అన్నాను. "మా అమ్మాయి మున్సిపల్ స్కూల్లో చదువుతోంది. మా బళ్ళో మార్కులొచ్చే నలుగురికీ ఒక సెక్షన్, మిగతావాళ్ళు ఫీజులు కట్టడానికి. రోజూ స్లిప్ టెస్టు, చీకటి పడేదాకా స్టడీ అవర్. మీ అమ్మాయిలా ఎందుకని అడిగితే చెప్పే తీరిక అక్కడ ఎవరికీ లేదు. గవర్నమెంటు బళ్ళోనే చదివించుకోండి."

రోడ్డెక్కి వ్యాను కోసం నిలబడ్డాను. ఒంగోలు ఉద్యోగం పోయినట్టే. అయినా చాలా రోజుల తర్వాత ఊపిరి హాయిగా ఆడింది.

ఆ హాయి రెండు రోజులైనా నిలవలేదు. తల్లీకూతుళ్ళు బడికి వచ్చేశారు. పిల్లకి తలనిండా నూనె, ఉతికిన గౌను. కరస్పాండెంట్ గారి ముందు నిలబడి ఆ తల్లి అంది:

"మా ఊరొచ్చిన ప్రతి బడోళ్ళూ మా అంత బడి లేదన్నోళ్ళే. ఈ టీచరమ్మ ఒక్కతే నిజం చెప్పింది. ఇట్టాంటి మనిషున్న బళ్ళో నా బిడ్డకి అన్నేయం జరగదు. చేర్చుకోండయ్యా."

నేనావిడను వరండాలోకి లాక్కెళ్ళాను. "వద్దన్నాను కదండీ. నేను చెప్పింది అర్థం కాలేదా?"

"అర్థమైందమ్మా, అందుకేగా వచ్చాం. మీరు కనిపెట్టుకుని ఉండరా ఏంది?"

జూన్‌లో వెళ్ళిపోతున్నానని చెప్పడానికి నోరు తెరిచాను. ఆవిడ అప్పటికే కూతురి చెయ్యి తీసి నా చేతిలో పెట్టింది. ఆ సాయంత్రం కళ్ళు నులుముకుంటే మంట పుట్టింది, ఆ తల్లీకూతుళ్ళ చేతుల్లోని మిరప ఘాటు నా చేతికీ అంటింది.

కరస్పాండెంట్ గారు బీరువా తెరిచి నా కవరు నాకిచ్చేశారు. "మాటంటే మాటే మేడమ్" అన్నారు.

నేను ఒంగోలు వెళ్ళలేదు. మా ఆయన మార్టూరులో రాళ్ళు పాలిష్ పట్టే యూనిట్‌లో పనిచేస్తాడు. "ఎవరి పిల్ల కోసమో మన బతుకు ఆపుకుంటామా?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. నాకు దయ పొంగిపొర్లి ఆగిపోలేదు, కోపంగానే ఆగాను. ఆ తల్లి మీద నాకు చాలా కోపం. నమ్మమని నేనడిగానా?

పిల్లని సి సెక్షన్‌లో వేశారు. అందులో నాకు ఉన్నది రోజుకొక తెలుగు పీరియడ్. నేను కనిపెట్టుకుని ఉండగలిగింది ఆ కాసేపే. మొదట్లో ఆ పిల్ల టీచర్లందరినీ ఎందుకని అడిగేది. లెక్కల సారు సిలబస్‌లో లేనివి అడగొద్దని ఒకసారి బెంచీ ఎక్కించారు. నేను వెళ్ళి ఆయనతో గొడవపడ్డాను. ఆయన జీతం కూడా నా జీతమే, ఆయన కాగితాలూ ఆ బీరువాలోనే ఉన్నాయి, ఆయన నాకేం చెబుతారు? దసరా సెలవుల దాకా ఇంటర్వెల్‌లో నా ఒక్కదాన్నే అడిగేది. చలికాలం వచ్చేసరికి నన్నూ అడగడం మానేసింది.

"ఏమ్మా, ఈమధ్య ఏమీ అడగవేం?"

"స్లిప్ టెస్టుంది టీచర్" అంది, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

నేనున్నా అంతే, పోయినా అంతే. అయినా పేరెంట్స్ మీటింగ్ పెట్టినప్పుడల్లా ఆ తల్లి నన్ను వెతుక్కుంటూ వస్తుంది. "మీరున్నారన్న ధైర్యమేనమ్మా" అంటుంది. నా సర్టిఫికెట్లు ఇప్పుడు మా ఇంట్లో, చీరల కింద ఉన్నాయి.

ఈ ఏప్రిల్‌లో స్టాఫ్ మీటింగ్ పెట్టి కరస్పాండెంట్ గారు నన్ను లేపి నిలబెట్టారు. "అందరూ మేడమ్‌లాగా మాట్లాడండి. ముందు మన బడిలో లోపాలు చెప్పండి, అప్పుడు జనం నమ్ముతారు." టీచర్లు శ్రద్ధగా విన్నారు. కొత్తగా చేరిన అమ్మాయిని పని నేర్చుకోమని నా వెంట పంపారు.

మొన్న ఇద్దరం ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాం. పత్తి రైతు, ఒక్కడే కొడుకు. ఆయన కూడా అదే అడిగాడు. "మీ పిల్లలనైతే వేస్తారా మేడమ్?" కొత్త టీచరు నా వైపు ఆసక్తిగా చూసింది.

వేస్తానంటే చేరుస్తాడు. వెయ్యనంటే కూడా చేరుస్తాడు. అందుకని అంతకంటే పెద్ద నిజం చెబుదామనుకున్నాను. కళ్ళంలో తాలుకాయ పట్టుకుని వచ్చిన పిల్ల సంగతి మొదలుపెట్టాను. నా మాట మీద చేరిందని, ఎంత చలాకీగా ఉండేదో, ఇప్పుడెలా తల దించుకుని కూర్చుంటుందో అంతా చెప్పాను. "చేర్చకండి, మీకు దణ్ణం పెడతాను" అన్నాను. కొంగుతో కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.

 రైతు కళ్ళల్లో కూడా నీళ్ళు తిరిగాయి.

"పిల్లల కోసం ఇంత బాధపడే టీచర్లు ఈ రోజుల్లో ఎక్కడున్నారమ్మా" అని లోపలికి తిరిగి కొడుకుని కేకేశాడు. "ఒరేయ్, ఇట్రా. మేడమ్ గారికి దణ్ణం పెట్టు."