ఒకే ఇంటి నుంచి రెండు ఉత్తరాలు

మల్లికార్జునరావు గారికి ఉన్న వ్యసనం ఒక్కటే, నెలనెలా పత్రికకు ఉత్తరం రాయడం. ఇరిగేషన్ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. కథ రాయడం చేతకాదు, కవిత్వం అసలే రాదు. కానీ పాఠకుల పేజీలో తన పేరు కనబడిందంటే ఆ పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువ దిగేది. ముప్ఫై ఏళ్ళలో ఆయన్ని రచయిత అన్న నాథుడు లేడు. 'ఉత్తరాల మల్లికార్జునరావు' అన్నారు. ఆయన దాన్నే బిరుదుగా చేసుకుని బతికేశారు.

నిరుడు బెజవాడ మాసపత్రిక ఒకటి, వెనకటి అమెరికా నవలాకారుడొకాయన నవలను తెలుగు చేయించి సీరియల్‌గా వేసింది. ఇక పాఠకుల పేజీలో కురుక్షేత్రమే! పామర్రు నుంచి ఒకాయన "ఇది మా పొలాల కథే" అని మురిసిపోతే, కొండపల్లి నుంచి ఇంకొకతను "గాలి వీచిందని చెప్పడానికి రెండు పేజీలా?" అని దుమ్మెత్తిపోశాడు.

నిజం చెప్పాలంటే రావుగారికి ఆ నవల నచ్చలేదు. అందులో రైతు భార్య నాలుగు వందల పేజీలూ వండుతుంది, వడ్డిస్తుంది, నోరు మాత్రం విప్పదు. అది ఆయనకు మింగుడుపడలేదు. కానీ ప్రొఫెసర్లంతా మహానుభావుడన్నవాణ్ణి కాదనాలంటే గుండె ఉండాలి కదా. జీవితమంతా "తమ ఆజ్ఞ మేరకు" అని రాసిన చేతికి ఆ గుండె ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకని తన పేరుతో "విశ్వజనీన రచన" అని పొగిడి, మనసులో మాటను వేరే కాగితం మీద ఘాటుగా రాసి, కింద 'ఇందిరాదేవి, గుణదల' అని సంతకం పెట్టారు. ఇందిరాదేవి గారు ఆయన భార్య. ఆవిడకు చెప్పలేదు. చెప్పాలన్న ఆలోచనే రాలేదు, అదీ ఆయన తెలివి!

మూడు నెలలు వరుసగా ఇద్దరి ఉత్తరాలూ అచ్చయ్యాయి. ఇందిరాదేవి పేరు మారుమోగిపోయింది. "సోదరి మా కళ్ళు తెరిపించారు" అని నలుగురు రాశారు. రావుగారి పొగడ్తను పట్టించుకునే దిక్కులేదు. తాను రాసిన ఉత్తరానికే భార్య మీద తానే కుళ్ళుకుంటున్నానని గ్రహించి ఆయన తనలో తానే నవ్వుకున్నారు.

ఒక ఉదయం, పత్రిక నియమం ప్రకారం ఉత్తరం వెనక రాసిన ఫోన్ నంబరుకు ఆ పత్రిక సంపాదకుడు వేదవ్యాస్ ఫోన్ చేశాడు. ఇందిరాదేవి గారే ఎత్తారు. ఆవిడ ఎప్పుడూ స్పీకర్లో పెట్టే మాట్లాడతారు.

"మేడం, పాఠకుల సభకి మీరు తప్పకుండా రావాలండీ. ఆ నవల మీద మెయిన్ స్పీకర్ మీరే."

పక్కనే ఉన్న రావుగారు చదువుతున్న పేపరు మడిచేశారు. ఆవిడ ఆయన మొహంలోకి ఒక్క నిమిషం తేరిపార చూసి, "అలాగేనండీ, వస్తాను" అన్నారు. ఫోన్ పెట్టాక, "ఏంటండీ ఇదంతా?" అన్నారు.

చెప్పక తప్పలేదు. ఆవిడ మూడు ఉత్తరాలూ చదివారు. ఆ తర్వాత పాత సంచికలన్నీ ముందేసుకుని పది రోజుల్లో నవలంతా చదివారు. పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

"ఇందిరా, నీకు పుణ్యముంటుంది, ఉత్తరాల్లో ఉన్నదే అప్పజెప్పి వచ్చెయ్. దొంగ సంతకం సంగతి బయటపడిందంటే నా ముప్ఫై ఏళ్ళ పేరు కృష్ణలో కలిసిపోతుంది."

"చూద్దాంలెండి."

ఆవిడ చూద్దాంలెండి అంటే ఔనో కాదో, నలభై ఏళ్ళ కాపురంలో ఆయనకు అంతుచిక్కలేదు.

సభకు అరవై మంది దాకా వచ్చారు. రావుగారు ముందు వరసలో అడకత్తెరలో పోకచెక్కలా కూర్చున్నారు. ఇందిరాదేవి గారు మైకు సరిచేసుకున్నారు.

"ఆ ఉత్తరాలు నేను రాయలేదండీ. మావారు రాశారు. ఈ నవలలో ఆడమనిషి చేత ఒక్క మాటైనా మాట్లాడించలేదని, నా పేరు పెట్టి, నన్నడక్కుండా రాశారు."

హాలంతా ఘొల్లుమంది. రావుగారికి తల కొట్టేసినట్టయింది. అయినా జనంతోపాటు తనూ నవ్వారు. నవ్వకపోతే ఇంకా నవ్వుతారు మరి!

"నాకైతే నవల నచ్చిందండీ," ఆవిడ గొంతు కొంచెం తగ్గింది. "ఆవిడ మాట్లాడదు, నిజమే. కానీ ఆవిడ పొయ్యి ముందు కూర్చున్నప్పుడల్లా ఆ రచయిత కథ ఆపి ఆవిణ్ణే చూస్తాడు. ఆవిడ నోరు విప్పట్లేదని ఆయనకి తెలుసండీ. మా ఇంట్లో నా సంగతి ఎవరికీ తెలీదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. రావుగారి నవ్వు మొహం మీదే ఉండిపోయింది, దాన్నేం చేసుకోవాలో ఆయనకు తోచలేదు. పేరు పోతుందని పది రోజులు నిద్ర మానుకున్న మనిషికి ఇప్పుడు పేరు గుర్తే రాలేదు.

ఇద్దరూ ఆటోలో గుణదల చేరారు. ఇంటి తలుపు తీసి, ఫ్యాను వేసి, ఆయన అక్కడే నిలబడ్డారు.

"ఇందిరా, నువ్వు నాతో చెప్పాలనుకుని చెప్పనివి ఇంకా ఉన్నాయా?"

"చాలా ఉన్నాయండీ," అన్నారావిడ. "కూర్చోండి."

ఆయన కూర్చున్నారు.